ఆంగ్ల రచనలో కుండలీకరణ చిహ్నాలు: లోపలి మాట ఎవరిది?

ఆంగ్లంలో 'పేరెంథసిస్' మొదట గుర్తు పేరు కాదు. నడుస్తున్న వాక్యం మధ్యలో వచ్చి చేరే మాటకు గ్రీకు అలంకారశాస్త్రం పెట్టిన పేరు అది. 1589లో జార్జ్ పుట్టెన్‌హామ్ 'ది ఆర్ట్ ఆఫ్ ఇంగ్లీష్ పోయెసీ'లో దానిని అలంకారాలలోనే చేర్చి, చొప్పించేది అనే అర్థంలో 'ఇన్సర్టర్' అని పేరు పెట్టాడు.

గుర్తు చరిత్ర వేరు. ఇటలీ మానవతావాది కొలుచ్చో సలుతాతి రచనకు చెందిన 1399 నాటి రాతప్రతిలో దాని తొలి ఉదాహరణలు ఉన్నాయని పండితులు చూపుతారు. ఎరాస్మస్ ఆకారాన్ని బట్టి వీటిని 'లూనులే', అంటే చిన్ని నెలవంకలు, అన్నాడు. ఈ పేరు నిలవకపోవడం భాషకు నష్టమే.

1623 నాటి షేక్స్‌పియర్ ఫోలియోలో 'ది వింటర్స్ టేల్' పాఠం నిండా కుండలీకరణాలే. వాటిలో అధికభాగం నాటకకర్తవి కావనీ, ముద్రణకు ప్రతి సిద్ధం చేసిన రాల్ఫ్ క్రేన్ అనే లేఖకుని అలవాటు వల్ల వచ్చినవనీ పాఠపరిశోధకుల అభిప్రాయం. అంటే ఆ నెలవంకలను ఆధారం చేసుకొని షేక్స్‌పియర్ వాక్యశైలిని వివరించే విమర్శకుడు నిజానికి లేఖకుని శైలిని వివరిస్తూ ఉండవచ్చు.

నేటి ఆంగ్ల పరిశోధన రచన ఈ చిక్కును రెండు ఆకారాలతో పరిష్కరించుకొంది. ఉద్ధరణలో గుండ్రని బ్రాకెట్లలో ఉన్నది మూలరచయితది; చదరపు బ్రాకెట్లలో ఉన్నది ఉద్ధరించినవారి చేర్పు. పేర్ల విషయంలో మాత్రం ఏకాభిప్రాయం లేదు. 'బ్రాకెట్స్' అంటే బ్రిటన్‌లో సాధారణంగా గుండ్రనివి, అమెరికాలో చదరపువి.

తెలుగు పరిశోధకులకు ఈ భేదం ఎక్కువగా ఎదురయ్యేది శాసన సంపుటాలలో. 'ఎపిగ్రాఫియా ఇండికా' సంప్రదాయంలో చెడిపోయి అస్పష్టంగా ఉన్న అక్షరాలు చదరపు బ్రాకెట్లలోనూ, సంపాదకుని సవరణలు గుండ్రని బ్రాకెట్లలోనూ ఉంటాయి. శాసనంలో లోపించగా పూరించిన అక్షరానికి నక్షత్రపు గుర్తు తోడవుతుంది. గ్రీకు, లాటిన్ శాసనాలకు, పపైరస్ ప్రతులకు 1931లో లైడెన్‌లో కుదిరిన పద్ధతిలోనైతే గుండ్రని బ్రాకెట్లు సంక్షిప్త పదాల విస్తరణకు వాడతారు. గుర్తు ఒకటే అయినా ఒక పద్ధతి అర్థాన్ని మరొక దానికి అన్వయించడం కుదరదు.

ఉద్ధరించేటప్పుడు టైపు సౌలభ్యం కోసం వీటిని తొలగించడం అల్పమైన పొరపాటుగా కనిపిస్తుంది. కాని శకటరేఫ ఉండవలసిన చోట శాసనలేఖకుడు సాధురేఫ చెక్కాడనుకొందాం. సంపాదకుడు సరైన రూపాన్ని పక్కనే గుండ్రని బ్రాకెట్లలో చూపుతాడు. సిద్ధాంతవ్యాసంలో ఆ సవరణ ఒక్కటే మిగిలితే, రేఫల భేదం సడలుతున్నదనడానికి ఉన్న సాక్ష్యమే, ఆ భేదం చెక్కుచెదరలేదనడానికి సాక్ష్యంగా మారుతుంది.