పుట్టుకే నేరమైన చట్టం: మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకలపై నిఘా

వలస పాలకుల పోలీసు నివేదికలు నేరాన్ని ముందుగా ఉన్న రోగంగానూ, చట్టాన్ని దానికి మందుగానూ చూపుతాయి. తెలుగు జిల్లాల సంచార సమూహమైన ఎరుకల చరిత్రలో ఈ క్రమం తలకిందులవుతుంది. ప్రభుత్వమే వారి బతుకుదెరువును దెబ్బతీసి, ఆపై వారి కదలికలను నేరంగా మార్చి లెక్కగట్టిందన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

ఉప్పు ఎరుకలు కోస్తా మడుల నుంచి ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద మెట్ట ఊళ్లకు చేర్చి, బదులుగా ధాన్యం తెచ్చేవారు. దబ్బ ఎరుకలు వెదురు దబ్బలతో బుట్టలు, చేటలు అల్లేవారు. 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో రైలు మార్గాలు, ఉప్పుపై సర్కారు గుత్తాధిపత్యం కలిసి ఉప్పు ఎరుకల వ్యాపారాన్ని దెబ్బతీశాయని మీనా రాధాకృష్ణ పరిశోధన నిరూపించింది. 1876-78 కరువు ఈ పతనాన్ని వేగవంతం చేసింది. 1882 మద్రాసు అటవీ చట్టం అడవి వెదురుపై ఆంక్షలు తెచ్చింది. అంతవరకూ వర్తకానికి ఆధారమైన సంచారం పోలీసుల కంట అనుమానాస్పదమైంది.

కులవృత్తిలాగే దొంగతనమూ వంశపారంపర్యమన్న ఊహ మీద 1871లో ఉత్తర భారతంలో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911 చట్టం దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించింది. ఒక సమూహాన్ని నేరస్థ జాతిగా ప్రకటిస్తే ఆ ప్రకటనను ఏ న్యాయస్థానమూ ప్రశ్నించరాదు. రిజిస్టరులోకెక్కినవారు వేలిముద్రలు ఇవ్వాలి. ఆదేశించిన వేళకు హాజరు చెప్పుకోవాలి. హాజరు తప్పినా, అనుమతి లేకుండా కదిలినా శిక్షే. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారమూ ప్రభుత్వానికి దక్కింది.

ఈ చట్టం కింద నమోదైన కుటుంబాలను ఉంచేందుకు 1913లో బాపట్ల సమీపాన క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వెలసిన స్టువర్టుపురం సెటిల్మెంటుకు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. అక్కడ భూమి, బడి, ప్రార్థన, నిఘా ఒకే పాలన కింద నడిచాయి. సెటిల్మెంటువాసుల శ్రమ చీరాల పొగాకు కర్మాగారానికీ అందింది. సంస్కరణ పేరిట సాగిన ఈ ఏర్పాటు యాజమాన్యానికి చేతికింద ఉండే కూలీలను సమకూర్చింది.

మద్రాసులో ఈ చట్టం 1947లో రద్దయింది. ఎం. అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన 1949లో ఏర్పడిన కమిటీ సిఫారసుల దరిమిలా 1952లో దేశమంతటా రద్దయింది. అలవాటు నేరస్థుల చట్టాలు మాత్రం నిఘాను మరో దారిన కొనసాగించాయి. కాబట్టి నాటి శిక్షల పట్టికలను ఎరుకల స్వభావానికి సాక్ష్యంగా చదవడం పరిశోధకులు మానుకోవాలి. చోరీ కేసులను హాజరు ఉల్లంఘనల నుంచి విడదీసి చూడాలి. ఆ రెంటినీ ఉప్పు, అటవీ శాఖల దస్త్రాల పక్కన పెట్టి చదవాలి. పోలీసు దస్త్రం ఒక్కటే ఆధారమైన చరిత్ర ఆ చట్టం చేసిన అన్యాయాన్ని కొనసాగించినట్టే అవుతుంది.