ఒక దినానికి ఒక సంవత్సరం

బబులోను చెరలో ఉన్న యెహెజ్కేలు ప్రవక్తకు కఠినమైన ఆజ్ఞ ఒకటి వచ్చింది. ఇటుక మీద యెరూషలేము పటం గీసి, దాని ఎదుట 390 దినాలు ఎడమ పక్క మీద, ఆ తర్వాత 40 దినాలు కుడి పక్క మీద పడుకోవాలి. ఇశ్రాయేలు, యూదా ప్రజల దోషానికి అది గుర్తు. ఒక్కో దినం ఒక్కో సంవత్సరానికి లెక్క. సంఖ్యాకాండంలోనూ ఇలాంటిదే ఉంది. కనాను దేశాన్ని వేగుచూసిన 40 దినాలకు బదులు 40 ఏళ్ల అరణ్యవాసం శిక్షగా పడింది. దినాన్ని సంవత్సరంతో బైబిలు ఇంత సూటిగా ముడిపెట్టిన చోట్లు ఈ రెండే. రెండు చోట్లా లెక్క ఏమిటో వాక్యమే చెప్పేసింది, చదివేవారి ఊహకు వదల్లేదు. దానియేలు, ప్రకటన గ్రంథాల్లోని దర్శనాలకు ఆ లెక్కను పట్టుకెళ్లినవాళ్లు తర్వాతి తరాల వ్యాఖ్యాతలు.

దానికి దారి వేసింది దానియేలు చూసిన 70 వారాల దర్శనం. అక్కడ వారమంటే ఏడేళ్లని, మొత్తం 490 ఏళ్లని యూదులూ క్రైస్తవులూ పూర్వం నుంచే చదువుతున్నారు. అదే గ్రంథంలో మూడున్నర కాలాలు, 2300 సాయంకాల ఉదయాలు కూడా ఉన్నాయి. ప్రకటన గ్రంథంలో ఆ మూడున్నరే 42 నెలలుగా, 1260 దినాలుగా మళ్లీ కనిపిస్తుంది. నెలకు 30 దినాల చొప్పున మూడూ ఒకటే. క్రీ.పూ. 167లో అంతియొకస్ రాజు యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రం చేశాడు. క్రీ.పూ. 164లో మక్కబీయులు దాన్ని తిరిగి శుద్ధి చేశారు. దానియేలు దర్శనాలకు మూలం ఆ కష్టకాలమేనని నేటి పండితుల్లో చాలామంది అంటారు. యోహాను పత్మాసు ద్వీపం నుంచి ఆసియాలోని ఏడు సంఘాలకు ఈ అంకెలనే పంపినప్పుడు, రోమా అధికారం కింద నలుగుతున్న ఆ విశ్వాసులకు వాటిలో వినిపించింది ధైర్యమే: ఈ శ్రమకు హద్దుంది, అది దేవుని చేతిలో ఉంది. నా మటుకు ఆ దర్శనానికి అదే ఆయువుపట్టు.

దినాలు శతాబ్దాలుగా మారడం మధ్యయుగాల్లో ఊపందుకుంది. ఇటలీ దక్షిణాన కలాబ్రియాలో ఫియోరె మఠాధిపతి యోవాకీము, 1202లో చనిపోయేలోగా, చరిత్రను తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ యుగాలుగా విడదీశాడు. 42 నెలలను 42 తరాలుగా, తరానికి 30 ఏళ్లుగా లెక్కేస్తే 1260 వస్తుంది. మూడో యుగం మొదలయ్యే తేదీ ఖాయంగా చెప్పడానికి ఆయన జంకాడు, శిష్యులు జంకలేదు. గెరార్డో అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి 1254లో రాసిన పుస్తకాన్ని మరుసటి ఏడే పోపు ఖండించాడు. 1260 రానే వచ్చింది. పెరూజా ఊళ్లో జనం కొరడాలతో ఒళ్లు కొట్టుకుంటూ ఊరేగారు. ఏడాది గడిచిపోయింది. ఆ బోధను నమ్మిన చరిత్రకారుడు సలింబేనే, ఇకమీదట కంటితో చూసిందే నమ్ముతానని రాసుకున్నాడు.

మతసంస్కరణ కాలంలో ప్రకటన గ్రంథంలోని క్రూరమృగమంటే పోపు పదవేనని ప్రొటెస్టెంట్లు గట్టిగా నమ్మారు. ఆ పదవికి 1260 ఏళ్ల ఆయుష్షు కట్టి, ఎప్పటి నుంచి మొదలుపెట్టాలని తర్జనభర్జన పడ్డారు. కేంబ్రిడ్జి పండితుడు జోసెఫ్ మీడ్ 1627లో దర్శనాలకు ఒక తాళంచెవి లాంటి గ్రంథం రాశాడు. ఐజాక్ న్యూటన్ ఆయన్ను ఎంతో గౌరవించాడు. న్యూటన్ చేతిరాత కాగితాల్లో 800తో మొదలుపెట్టి 2060కి చేరిన లెక్క ఉంది. తొందరపడి తేదీలు ప్రకటించేవారి నోరు మూయించడానికే ఆ కూడిక వేశానని ఆ పక్కనే రాసుకున్నాడు. ప్రవచనం నెరవేరాక దేవుని ముందుచూపు తెలియడానికే గానీ, మనల్ని ప్రవక్తలను చేయడానికి ఇవ్వలేదన్నది ఆయన మాట. ఈ చరిత్రలో నాకు బాగా నచ్చిన మనిషి ఆయనే.

ఇంతలో 1798 వచ్చింది. ఫ్రెంచి సేనాని బెర్తియే రోములో ప్రవేశించాడు. ఆరో పయస్ పోపు బందీ అయ్యాడు. 1260 తీసేస్తే 538 వస్తుంది, గోతుల ముట్టడి నుంచి రోము బయటపడిన ఏడు. లెక్క కుదిరిందని ఇంగ్లండ్, అమెరికాల్లో అనేకులకు గురి కుదిరింది.

ఆ వేడిలోనే న్యూయార్కు రాష్ట్రంలో విలియం మిల్లర్ అనే రైతు బైబిలు ముందు కూర్చున్నాడు. 1812 యుద్ధంలో పోరాడి వచ్చినవాడు, చిత్తశుద్ధి గలవాడు. 2300 దినాల తర్వాత దేవాలయం శుద్ధి అవుతుందని దానియేలు చెప్పిన మాటను క్రీస్తు రాకడగా చదివి, ఆ దినాలను ఏళ్లుగా తీసుకుని, ఎజ్రా యెరూషలేముకు తిరిగొచ్చిన క్రీ.పూ. 457ను మొదలుగా పెట్టాడు. 2300 లోంచి 457 తీసేస్తే 1843. క్రీస్తు పూర్వానికీ క్రీస్తు శకానికీ నడుమ సున్నా సంవత్సరం లేదు కాబట్టి అది 1844కు జరిగింది. దేవాలయ శుద్ధి అంటే ప్రాయశ్చిత్త దినమేనని మిల్లర్ అనుచరుడు శామ్యూల్ స్నో అక్టోబరు 22ను తేల్చాడు. కొందరు రైతులు పంట కోయకుండా పొలంలోనే వదిలేశారు. ఆ రాత్రి తెల్లవార్లూ ఎదురుచూసి ఏడ్చినవాళ్ల బాధ నిజమైనది. దాన్ని చూసి నవ్వడం నాకు చేతకాదు.

శుద్ధి జరిగింది భూమి మీద కాదు, పరలోకపు ఆలయంలోనని కొందరు సమాధానపడ్డారు. వారి నుంచే 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం ఏర్పడింది. మన నూజివీడులోని గిఫర్డ్ ఆసుపత్రి ఆ సంఘానిదే. వారు నేటికీ దినానికి సంవత్సరమనే లెక్కనే పాటిస్తారు, రాకడకు తేదీ మాత్రం పెట్టరు. 1836లో గోదావరి డెల్టాకు వచ్చిన బౌడెన్, బీర్ మిషనరీలు బ్రదరెన్ బాటవారు. ఆ బాటలో పేరుమోసిన బోధకుడు డార్బీ 1260 దినాలను దినాలుగానే ఉంచి, రాబోయే ఏడేళ్ల శ్రమల్లో సగమన్నాడు. అయినా ఆ ఏడేళ్లు ఎక్కడివి? దానియేలు చివరి వారానివే. తెలుగు సభల్లో ఏడేళ్ల మహాశ్రమలని వినేవారికి ఆ మాట వెనుక ఇంత చరిత్ర ఉంది.

ఇన్ని శతాబ్దాల్లో కూడికలు, తీసివేతలు దాదాపు తప్పలేదు. 538, 800, క్రీ.పూ. 457 అనే మొదలు మాత్రం దర్శనంలో లేదు. దాన్ని మనిషే ఎంచుకున్నాడు. ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని యేసు చెప్పిన మాట మత్తయి 24వ అధ్యాయంలో ఉంది. సభలో గానీ ఫోనులో గానీ ఎవరైనా పటం పరిచి తేదీ చూపిస్తే, జవాబు సరిచూడకండి. మొదటి అంకె ఎక్కడి నుంచి తెచ్చారో, ఏ వాక్యం ఇచ్చిందో మర్యాదగా అడగండి.