త్రాసు ముల్లు నిలిచేదాకా

వంతెన మీద కాసేపు ఆగి ఊపిరి తీసుకోండి. ఇది 1640 ప్రాంతం. కింద నెమ్మదిగా పారుతున్నది హాలండ్స ఐసెల్. పేరుకు నదే గానీ వెడల్పు చూస్తే మన డెల్టా కాలువ గుర్తొస్తుంది. ఊరి పేరు ఔడేవాటర్, గౌడాకూ ఉట్రెక్ట్‌కూ నడుమ ఉంది. మీరు మాత్రం దూరం నుంచి వచ్చారు. జర్మన్ నేల మీది మ్యూన్‌స్టర్ వైపు నుంచి రోజుల తరబడి నడిచారు. మీ పల్లెలో ఎవరి ఆవో పాలివ్వడం మానేసింది. ఎవరో మీ పేరెత్తారు. మంత్రగత్తె అన్న మాట ఒకసారి పుట్టాక చితి దాకా వెంటపడుతుంది. ఇక మీకు మిగిలిన దారి ఈ ఊరి త్రాసు.

వీధిలో అడుగు పెట్టగానే నార వాసన. గంజాయి జాతి మొక్క నుంచి తీసిన హెంప్ నార అది. ఒకడు నడుముకు నార చుట్టుకుని, వేళ్ల సందుల్లోంచి కొంచెం కొంచెంగా వదులుతూ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. అవతలి కొసన చక్రం తిరుగుతోంది, పురి ఎక్కుతోంది. ఓడల మోకులు ఇలాగే పుడతాయి. నార రాసుకుని పొట్ట మీద పసుపు మరక పడుతుంది. అందుకే ఈ ఊరివాళ్లకు ‘పసుపు పొట్టలు’ అని పేరు.

తలెత్తి ఇళ్లు చూడండి. చాలావాటిది ఇంచుమించు ఒకే ఈడు. 1575 ఆగస్టు 7న స్పెయిన్ సైన్యం గోడలు బద్దలుకొట్టి లోపలికొచ్చి, దొరికినవాళ్లను దొరికినట్టు నరికి, ఊరు తగలబెట్టింది. అప్పుడు మార్‌బర్గ్‌లో చదువుకుంటున్న ఈ ఊరి కుర్రవాడొకడు తల్లినీ తోబుట్టువులనూ పోగొట్టుకున్నాడు. ఆ యాకోబస్ ఆర్మీనియసే తర్వాత పెద్ద మతపండితుడై, దేవుడి కృపను సైతం కాదనగల స్వేచ్ఛ మనిషికుందని వాదించాడు. మీ చుట్టూ ఉన్న ఇటుకలు ఆ బూడిద మీద లేచినవే.

ఇదుగో తూనికల ఇల్లు. పైనుంచి వేలాడే పెద్ద త్రాసు, దానికి మనిషి నిలబడేంత చెక్క పళ్లేలు. రోజూ చీజ్, నార తూగే చోటు ఇది. మంత్రసాని మిమ్మల్ని పక్కకు తీసుకెళ్లి పైబట్టలు తీయిస్తుంది, బరువులేమైనా దాచారేమోనని తడిమి చూస్తుంది. ఒంటి మీద లోపలి గౌను ఒక్కటే మిగిలింది. జుట్టు విప్పేశారు, కాళ్లకు జోళ్లు లేవు. మన భాషలో మంత్రసానికీ మంత్రగత్తెకూ నడుమ ఎంత కొద్ది దూరం! ఇక్కడ ఒకరి ప్రాణానికి మరొకరు సాక్షి.

పళ్లెం ఎక్కండి. చెక్క ఊగుతుంది. చీపురు మీద ఎగిరే మనిషికి బరువుండదని లోకం నమ్మకం. పురపెద్దలు రెప్ప వేయకుండా చూస్తున్నారు. అవతలి పళ్లెంలో గుండ్లు ఒక్కొక్కటే పడుతున్నాయి. మీ కాళ్ల కింద నేల వదిలిపోతుంది. ముల్లు అటూ ఇటూ ఆడి నిలిచింది.

గుమాస్తా కలం కదిలింది: ఒంటికి తగ్గ బరువే ఉంది.

ఈ ఊరి కాగితం అంత దూరాన ఎందుకు చెల్లుతుంది? 1545లో చక్రవర్తి ఐదో చార్లెస్ ఈ హక్కు ఇచ్చాడని ఊళ్లో చెప్పుకుంటారు. నాకు బలంగా తోచేది వేరు. నార అమ్ముకునే ఊరు దొంగ తూకం వేస్తే బతకదు. ఈ పెద్దలు మంత్రగత్తెలు లేరని వాదించలేదు. ముల్లు ఎక్కడ నిలిచిందో అదే రాశారు. నార మోపుకు పట్టిన న్యాయమే మనిషికీ పట్టింది. నీళ్లలోకి తోసి, తేలితే దోషి, మునిగితే నిర్దోషి అనే పరీక్షలు సాగిన కాలంలో అది ఎంత పెద్ద ధైర్యం! ఈ పళ్లెం ఎక్కినవాళ్లెవరూ మంత్రగత్తెలుగా తేలలేదు.

ఇప్పుడా ఇల్లు మ్యూజియం. సందర్శకులు సరదాగా తూగి, పేరు రాసిన పత్రం పుచ్చుకుని వెళ్తారు. మీ చేతిలోని కాగితం మీద మాత్రం ఇంకా సిరా ఆరలేదు. ఆరనివ్వండి. మడిచి, వాన తగలకుండా గుండె దగ్గర దాచుకోండి. వంతెన దాటాక తూర్పు దారి. మీ పల్లె ఇంకా చాలా దూరం.