‘దైవావేశము’: తెలుగు బైబిలులో ఒక మాట, ఓరుగల్లు పల్లెల్లో దాని అర్థాలు

వ్యాససంగ్రహం: బైబిలు దేవుని వల్ల కలిగిన గ్రంథమని నమ్మడానికి క్రైస్తవులు చెప్పే కారణాలు అన్ని దేశాల్లోనూ ఇంచుమించు ఒకటే. ఆ నమ్మకాన్ని చెప్పడానికి తెలుగు బైబిలు వాడిన ‘దైవావేశము’ అనే మాట మాత్రం పొరుగు భాషల మాటలకు భిన్నమైనది. ఆవేశం, శిగం, పూనకం నిత్యానుభవాలుగా ఉన్న చిట్యాల, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ ప్రాంతాల్లో ఈ మాట ఏ అర్థాలను వెంటబెట్టుకుని వచ్చిందో, క్రైస్తవ సిద్ధాంతంతో అది ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ విభేదిస్తుందో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: దైవావేశము, లేఖనము, తెలుగు బైబిలు అనువాదం, అపౌరుషేయత, శిగం, దోర్నకల్.

1. ఒక మాట, నాలుగు భాషలు

బైబిలు దైవప్రేరితమన్న సిద్ధాంతానికి ప్రధానాధారం పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రిక మూడవ అధ్యాయం పదహారవ వచనం. అక్కడ మూలంలో ఉన్న గ్రీకు పదం ‘థియోప్న్యూస్టోస్’. ‘థియోస్’ అంటే దేవుడు. రెండవ భాగం ఊపిరి విడవడాన్ని సూచించే ధాతువు నుంచి వచ్చింది. దేవుని ఊపిరి వల్ల కలిగినది అని పదార్థం. కొత్త నిబంధన మొత్తంలో ఈ పదం ఒక్కసారే కనిపిస్తుంది. దీన్ని లాటిను అనువాదం ‘దైవం చేత లోనికి ఊదబడినది’ అనే అర్థంలో తీసుకుంది. ఐరోపా భాషల్లోని ‘ఇన్‌స్పిరేషన్’ ఆ లాటిను మాట సంతతే. ఊపిరి బయటికి విడవడం, లోనికి ఊదడం ఒకటి కావు. అనువాదంలో అర్థం జరగడం అక్కడే మొదలైంది.

మన పొరుగు భాషలను చూస్తే తెలుగు ప్రత్యేకత తెలుస్తుంది. హిందీ బైబిలు ‘ప్రేరణ’ అన్నది. కన్నడం ‘దైవప్రేరిత’ అన్నది. తమిళం దేవుని ఆవి, అంటే ఆత్మ, చేత అనుగ్రహింపబడినదనే అర్థంలో ‘అరుళ్’ ధాతువును వాడింది. బైబిలు సొసైటీ వారి తెలుగు ‘పరిశుద్ధ గ్రంథము’ మాత్రం ‘దైవావేశము’ అన్నది. పేతురు రెండవ పత్రిక మొదటి అధ్యాయం ఇరవై ఒకటవ వచనంలో ప్రవక్తల గురించి చెప్పేటప్పుడు ఇదే తెలుగు గ్రంథం ‘ప్రేరేపించు’ క్రియను వాడింది. అంటే ఆ మాట అనువాదకులకు అందుబాటులో లేకపోలేదు. ఒకే సిద్ధాంతానికి ఆధారాలైన రెండు వచనాలు తెలుగులో రెండు వేర్వేరు భావచిత్రాలను నిలిపాయి. పేతురు పత్రికలోని గ్రీకు క్రియకు ‘మోసుకుపోబడు’ అని అర్థం. అపొస్తలుల కార్యములు ఇరవై ఏడవ అధ్యాయంలో పౌలు ఎక్కిన ఓడ గాలికి కొట్టుకుపోయినప్పుడు వాడినదీ ఆ క్రియనే.

2. ఆవేశం ఎరిగిన నేల

సంస్కృతంలో ‘ఆ’ ఉపసర్గతో కూడిన ‘విశ్’ ధాతువుకు ప్రవేశించు అని అర్థం. వైష్ణవ సంప్రదాయం పరశురాముణ్ణి ఆవేశావతారంగా లెక్కించింది. దైవశక్తి ఒక వ్యక్తిలో ప్రవేశించి కార్యం ముగిశాక తొలగిపోవడం అక్కడి భావం. పండితులైన సహాయకుల చెవికి ‘దైవావేశము’ గౌరవప్రదంగానే వినిపించి ఉండాలి.

అదే మాట పల్లెలోకి వస్తే కథ మారుతుంది. చిట్యాల మండలం 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజన దాకా వరంగల్లు జిల్లాలో ఉండేది, ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంది. సమ్మక్క సారలమ్మల మేడారం కూడా 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడేవరకు ఈ జిల్లాలోనిదే. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ కోయ పూజారులు చిలకలగుట్ట నుంచి సమ్మక్కను గద్దెకు తెచ్చేటప్పుడు దారి పొడవునా శిగాలూగే శివసత్తులు కనిపిస్తారు. ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న జాతరల్లోనూ అంతే. శిగంలో ఉన్న మనిషి నోట వచ్చేది దేవత మాట. అడిగినవాళ్లకు అది జవాబు చెబుతుంది, అలిగితే కోపం చూపుతుంది, కోరితే మొక్కు చెబుతుంది. శిగం దిగాక ఆ మాటల బాధ్యత ఆమెది కాదు. ఆ నోటికి పేరు లేదు, వృత్తి లేదు, శైలి లేదు. ఆవేశమంటే ఈ ప్రాంతపు వినికిడిలో ఇదీ. ‘దైవావేశము వలన కలిగిన లేఖనము’ అన్నప్పుడు ఇక్కడి శ్రోతకు మొదట తోచే బొమ్మ ఇదే కావడంలో వింత లేదు.

ఆ బొమ్మ బైబిలుకు పూర్తిగా పరాయిది కాదన్నది గమనించదగ్గ విషయం. సమూయేలు మొదటి గ్రంథంలో సౌలు ప్రవక్తల గుంపులో పడి, బట్టలు విడిచి, రాత్రింబగళ్లు పడి ఉన్న ఘట్టం ఉంది. అది శిగానికి ఎంత దగ్గరగా ఉందో వేరే చెప్పనక్కరలేదు. అయితే లూకా సువార్త మొదటి నాలుగు వచనాలు దీనికి పూర్తిగా ఎదురు. తనకు ముందు చాలామంది రాశారనీ, తాను అన్నిటినీ మొదటి నుంచి విచారించి వరుసగా రాస్తున్నాననీ లూకా చెప్పుకున్నాడు. ఇది ఆధారాలు సేకరించిన చరిత్రకారుని మాట, ఆవేశితుని మాట కాదు. సౌలును, లూకాను ఒకే గ్రంథంలో ఉంచి, గ్రంథమంతా దేవుని వల్ల కలిగిందనడమే క్రైస్తవ సిద్ధాంతంలోని అసలు చిక్కు.

3. పరవశమా, ప్రేరణా: పాత చర్చ

ఈ చిక్కు తెలుగువారితో మొదలు కాలేదు. రెండవ శతాబ్దిలో అథెనాగోరస్ ప్రవక్తలను పిల్లనగ్రోవితో పోల్చి, దేవుని ఆత్మ ఊదిన కొద్దీ వారు పలికారన్నాడు. అదే శతాబ్దిలో ఫ్రిగియాలో మొంటానస్ తన నోట దేవుడే నేరుగా పలుకుతున్నాడన్నాడు. మనిషి వీణ, తాను దాన్ని మీటే కోణమని అతని దైవం పలికినట్టు తరువాతి రచయితలు నమోదు చేశారు. సంఘం అతన్ని నిరాకరించింది. నిరాకరణకు చూపిన కారణాల్లో ఒకటి, నిజమైన ప్రవక్త తెలివి కోల్పోడన్నది. అంటే ‘దైవావేశము’ అనే మాటలో ఏ అర్థం ముందు తోస్తుందో, ఆ అర్థాన్నే తొలినాటి సంఘం చర్చించి పక్కన పెట్టింది. తెలుగు అనువాదం తెలియకుండానే ఆ పాత వివాదాన్ని మళ్లీ తెరిచిందని నా అభిప్రాయం.

తరువాతి కారణాలను క్లుప్తంగా చూడవచ్చు. గ్రంథం తన గురించి తానే చెప్పుకున్న సాక్ష్యం, యేసు పాత నిబంధనను ప్రమాణంగా తీసుకోవడం, ప్రవచనాల నెరవేర్పు, అనేక కాలాల రచయితల మధ్య ఐక్యత, హింసల మధ్య గ్రంథం నిలిచి ఉండటం, చదివినవారి జీవితాల్లో మార్పు. వీటన్నిటికంటే పరిశుద్ధాత్మ చదువరి హృదయంలో ఇచ్చే అంతస్సాక్ష్యమే గట్టిదని కాల్విన్ అన్నాడు. 1640లలో రూపొందిన వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం దాన్నే స్థిరపరిచింది. అమెరికను పండితుడు బి.బి. వార్‌ఫీల్డ్ (1851–1921) ప్రతి పదమూ దైవప్రేరితమని, అయినా రచయిత స్వభావం చెక్కుచెదరలేదని వాదించాడు. 1965లో రెండవ వాటికన్ మహాసభ మానవ రచయితలను కూడా నిజమైన రచయితలుగానే గుర్తించింది.

ఈ కారణాలన్నీ ఒకే బరువుగలవి కావు. తిమోతి పత్రికలోని మాట సందర్భం ప్రకారం తిమోతి బాల్యం నుంచి ఎరిగిన లేఖనాలను, అంటే యూదుల గ్రంథాలను ఉద్దేశించింది. కొత్త నిబంధన అప్పటికి ఒక సంపుటి కాలేదు. ఇప్పుడున్న ఇరవై ఏడు గ్రంథాల జాబితా అదే రూపంలో మొదట కనిపించేది అథనాసియస్ 367లో రాసిన లేఖలో. ప్రొటెస్టెంట్లు అరవై ఆరు గ్రంథాలను, కాథలిక్కులు డెబ్బై మూడు గ్రంథాలను అంగీకరిస్తారు. కనుక ‘ప్రతి లేఖనము’ అన్న మాట పరిధిని నిర్ణయించింది సంఘమే. 1947 ప్రాంతంలో కుమ్రాను గుహల్లో దొరికిన యెషయా ప్రతి, వెయ్యేళ్ల పాటు లేఖకులు ఎంత జాగ్రత్తగా నకలు రాశారో చూపింది. అది ప్రతుల విశ్వసనీయతకు ఆధారమే గాని దైవమూలానికి కాదు. ఉపన్యాసాల్లో ఈ రెండింటినీ కలిపేయడం మామూలైపోయింది. ప్రవచన వాదం విషయంలో మన దేశపు శ్రోతకు మరో ప్రశ్న సహజం: పోతులూరి వీరబ్రహ్మం కాలజ్ఞానాన్ని కూడా నెరవేరిన మాటలుగానే జనం చెప్పుకుంటారు గదా? ఈ వాదం తెలుగు పల్లెలో తొందరగా ఎక్కడానికీ, ఎక్కినా ప్రత్యేకంగా నిలవకపోవడానికీ కారణం ఒక్కటే.

4. వేదం, ఖురాను, లేఖనం

నిజాం రాజ్యంలోని ఈ ప్రాంతానికి బైబిలు వచ్చేనాటికి దైవగ్రంథమన్న భావన కొత్తది కాదు. మీమాంసకుల దృష్టిలో వేదం అపౌరుషేయం. దానికి కర్త లేడు, దేవుడు కూడా కాడు. నైయాయికులు దీన్ని ఒప్పుకోక, ఈశ్వరుడు ఆప్తుడు కనుక వేదం ప్రమాణమన్నారు. ముస్లింల విశ్వాసంలో ఖురాను ప్రవక్తకు అవతరించిన దైవవాక్కు, దాని అరబ్బీ పదాలు కూడా దైవదత్తాలే. ఈ మూడు నమూనాల్లో క్రైస్తవ వాదానికి దగ్గరగా వచ్చేది న్యాయమతం ఒక్కటే: చెప్పినవాడు నమ్మదగినవాడు, కనుక చెప్పినది ప్రమాణం. అయితే నైయాయికుల ఈశ్వరుడికి మధ్యవర్తులైన రచయితలతో పనిలేదు. బైబిలులో కాపరి ఆమోసు, జాలరి పేతురు, వైద్యుడు లూకా, డేరాలు కుట్టే పౌలు తమ పేర్లతో, తమ వృత్తులతో కనిపిస్తారు. యొప్పేలో పేతురు బస చేసినది ఒక చర్మకారుని ఇంట్లో. మాదిగవాడలో ఆ అధ్యాయాన్ని చదివి వినిపించినప్పుడు ఆ వివరం దాని బరువుతోనే వినబడి ఉంటుంది.

పేర్లలో ఇంకో తేడా ఉంది. వేదం శ్రుతి, వినబడినది. బైబిలు లేఖనం, రాయబడినది. పట్వారీ రాతే భూమికీ, వెట్టికీ, అప్పుకూ ఆఖరి మాటైన తెలంగాణ పల్లెలో రాత అధికారానికి గుర్తు. ఆ రాత ఏనాడూ తమ చేతిలో లేని కులాలకు, దేవుడు కూడా రాతనే ఎంచుకున్నాడనీ, ఆ రాతను వారి పిల్లలు చదవవచ్చనీ చెప్పడం సిద్ధాంత గ్రంథాలలోని ఏ కారణానికీ తీసిపోని కారణం. వేదాధ్యయనానికి జన్మార్హత అడ్డుగా నిలిచిన చోట, వినడానికీ చదవడానికీ అందరికీ అర్హత ఉండటమే ఒక గ్రంథపు దైవత్వానికి గుర్తుగా తోచింది. తర్కశాస్త్రం దీన్ని హేతువుగా ఒప్పుకోదు. సామాజిక చరిత్ర దీన్ని తోసివేయలేదు.

5. ఎవరి తెలుగు?

పదాలే దేవునివైతే అనువాదం సంగతేమిటి? బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్ది పూర్వార్ధంలో మద్రాసులో చేసిన తెలుగు అనువాదం రాతప్రతిగానే ఉండిపోయింది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి 1805లో విశాఖపట్నం చేరారు. బ్రాహ్మణుడై క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయరు వారికి తోడయ్యాడు. క్రాన్ 1809లో, డెగ్రాంజి 1810లో మరణించారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఎడ్వర్డ్ ప్రిచెట్ పూర్తిచేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. పూర్తి బైబిలు అచ్చులో రావడానికి 1850ల దాకా పట్టింది. ఆ తరువాత కూడా సవరణలు ఆగలేదు.

ఇన్ని చేతులు పడ్డ పాఠాన్ని దేవుని వాక్యంగా నమ్మడానికి క్రైస్తవులకు అడ్డేమీ కనబడలేదు. అరబ్బీ ఖురానుకు అనువాదం సాటిరాదన్న నియమం ఇస్లాంలో ఉంది. క్రైస్తవంలో యేసు మాట్లాడిన అరామిక్ మాటలే గ్రీకు అనువాదంగా మిగిలాయి. అనువాదమే ఈ మతపు పుట్టుక గుణమని లామిన్ సన్నే 1989లో వెలువడిన గ్రంథంలో వాదించాడు. సిద్ధాంతం ఇలా ఉన్నా తెలుగు సంఘాల ఆచరణ వేరుగా నడిచింది. గిడుగు వాదం గెలిచి పత్రికలు, పాఠ్యపుస్తకాలు వ్యావహారికానికి మారినా, ఆరాధనలో నేటికీ ఎక్కువగా వినిపించేది గ్రాంథిక బైబిలే. సులభ భాషలో అనువాదాలు వచ్చినా పాత పాఠాన్ని అవి పక్కకు నెట్టలేదు. మూలభాషకు దక్కని పవిత్రత ఒక అనువాదానికి దక్కింది.

6. హనుమకొండ, జనగామ, దోర్నకల్

ఓరుగల్లు సీమలో అమెరికను బాప్టిస్టు మిషను 1879లో హనుమకొండలో స్థిరపడింది. రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు నల్లగొండ కేంద్రంగా బాప్టిస్టులతో కలిసి పనిచేస్తూ జనగామ వైపు విస్తరించారు. నేటి మహబూబాబాద్ జిల్లాలోని దోర్నకల్‌కు 1912 డిసెంబరు 29న బిషపుగా అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషపు. 1945లో మరణించేవరకు ఆయన ఆ పదవిలోనే ఉన్నాడు. ఆయన సంఘాల్లో అత్యధికులు అక్షరాలు రాని మాలమాదిగలు. వారికి బైబిలు మొదట చేరింది కంటి ద్వారా కాదు, గ్రామ ఉపాధ్యాయుని గొంతు ద్వారా, కీర్తనల ద్వారా. లేఖనం మళ్లీ శ్రుతి అయింది.

అటువంటి శ్రోతలకు వార్‌ఫీల్డ్ తర్కం గాని, కుమ్రాను ప్రతులు గాని అందవు. వారు చూసింది ఫలితాన్ని: తాగుడు మానినవాడిని, బడికి వెళ్లిన ఆడపిల్లను, దొర ముందు తడబడకుండా నిలిచిన మనిషిని. గ్రంథం చేసిన పనిని బట్టి గ్రంథాన్ని అంచనా వేశారు. తిమోతి పత్రికలోని ఆ వచనం కూడా లేఖనం దేవుని వల్ల కలిగిందని చెప్పి ఆగదు. ఉపదేశానికి, ఖండనకు, దిద్దుబాటుకు అది ఉపయోగపడుతుందన్నదే వాక్యంలోని ముఖ్య భాగం. అజరయ్య పాటించిన ఒక పద్ధతి ఈ సందర్భంలో గమనించదగ్గది. బాప్తిస్మం పొందేవారు తమ చేతిని తమ తలపైనే పెట్టుకుని, తాము సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అన్న పౌలు మాటను స్వయంగా పలకాలి. శిగంలో పలికే నోరు ఎవరిదో దేవతది. ఇక్కడ మాట గ్రంథానిది, పలికేవాడు మాత్రం మెలకువలో, తన పేరుతో, ఊరి ముందు నిలబడి దానికి తానే పూచీ పడుతున్నాడు.