గుర్రం మీద వచ్చిన సంఘం

1869లో అమెరికాలోని ఇల్లినాయ్ మెథడిస్టు కాన్ఫరెన్సు ఒక జూబ్లీ జరిపింది. అది 84 ఏళ్ల పీటర్ కార్ట్‌రైట్ అనే మనిషి కోసం జరిపిన జూబ్లీ. మనం ఇప్పుడు డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్ అంటున్న పదవిని ఆ రోజుల్లో ప్రిసైడింగ్ ఎల్డర్ అనేవారు. ఆ బాధ్యతలో ఆయనకు 50 ఏళ్లు నిండాయి. అన్నేళ్లూ ఆయన ఇంట్లో పొయ్యి వెలిగింది మాత్రం ప్రధానంగా సొంత సేద్యం మీదే. హైదరాబాదు, వికారాబాదు, జహీరాబాదు ప్రాంతాల్లోని మన మెథడిస్టు సంఘాలు అమెరికా మెథడిస్టు మిషనరీల ద్వారా పుట్టినవి. కాబట్టి మన జూబ్లీ సంచికలో ఆయన కథ చెప్పుకోవడం సొంత ఇంటి పెద్దను తలుచుకోవడమే.

కార్ట్‌రైట్ 1785 సెప్టెంబరు 1న వర్జీనియాలో పుట్టారు. చిన్నతనంలోనే ఆ కుటుంబం కెంటకీకి వలస వెళ్లి లోగన్ కౌంటీలో స్థిరపడింది. తూర్పున నేరాలు చేసి పారిపోయి వచ్చినవాళ్లు ఎక్కువగా చేరడంతో దానికి ‘దొంగల రేవు’ అని పేరు పడింది. కుర్రవాడు పేకాటలో, గుర్రపు పందేల్లో ఆరితేరాడు. తల్లి భక్తిపరురాలు, కొడుకు కోసం ఏడ్చి ప్రార్థన చేసేది. 1801లో, పదహారేళ్ల వయసులో, అతని మనసు మారింది. పందెపు గుర్రం పోయింది, పేక ముక్కలు తల్లి చేతుల మీదుగా పొయ్యిలో పడ్డాయి.

ఆ మార్పు ఒక క్యాంపు కూటంలో వచ్చింది. అప్పట్లో కెంటకీ అడవుల్లో గుడి ఉన్న ఊరు అరుదు. జనం బండ్లలో పిల్లాజెల్లా, తిండిగింజలు, పరుపులు వేసుకుని వచ్చి రోజుల తరబడి చెట్ల కింద డేరాల్లో ఉండేవారు. రాత్రి దివిటీల వెలుతురులో, చెక్కల వేదిక మీద నుంచి ప్రసంగాలు సాగేవి. ఏటా నవంబరులో మన ధారూర్ జాతరకు వెళ్లేవారికి ఈ దృశ్యాన్ని వర్ణించి చెప్పనక్కర్లేదు.

అలా మారిన కార్ట్‌రైట్ గుర్రం మీద సర్క్యూట్ తిరిగే బోధకుడయ్యారు. ఇక ఆ సర్క్యూట్, అంటే చుట్టు, సంగతి. మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘం 1784లో బాల్టిమోరులో ఏర్పడింది. ఊరూరా గుడి కట్టి పాదిరిని పెట్టే స్తోమత దానికి లేదు. అందుకని ఒక్కో బోధకునికి పాతిక, ముప్పై చోట్లు కలిపి ఒక చుట్టు అప్పగించేవారు. గుడిసెలో, చెట్టు నీడలో, ఎక్కడ నలుగురు చేరితే అక్కడే ఆరాధన. అయ్యగారు మళ్లీ వచ్చేదాకా ఆ ఊరి విశ్వాసులే ఒకరినొకరు చూసుకునేవారు. 1800 నుంచి 1816 వరకు బోధకునికి నిర్ణయించిన భత్యం ఏడాదికి 80 డాలర్లు. అది కూడా నిండుగా చేతికి అందిన ఏడు తక్కువే.

బోధకుని జీను సంచిలో బైబిలు, పాటల పుస్తకంతో పాటు అమ్మకానికి మరికొన్ని పుస్తకాలూ ఉండేవి. సంఘపు ప్రచురణశాల అచ్చువేసిన వాటిని గడపగడపకూ చేర్చడం బోధకుని విధి అని కార్ట్‌రైట్ గట్టిగా నమ్మారు. దుకాణం లేని అడవిలో ఆయనే నడిచే పుస్తకాల అంగడి. బడిలో ఆయన చదివింది బహు తక్కువ. తర్వాత బిషప్ అయిన విలియం మెకెండ్రీ ఏం చదవాలో, ఎలా చదవాలో ఆయనకు దారి చూపారు. 1806లో బిషప్ ఆజ్‌బరీ చేతుల మీదుగా డీకను అయ్యారు, 1808లో ఎల్డరు అయ్యారు. ఆ ఏడే ఫ్రాన్సెస్ గెయిన్స్‌ను పెళ్లాడారు.

1824లో ఆయన కెంటకీ వదిలారు. బానిసత్వం ఉన్న గడ్డ మీద తన పిల్లలు పెరగకూడదన్నది అందుకు ఒక ముఖ్య కారణం. ఇల్లినాయ్‌కి వెళ్లే దారిలో ఒక రాత్రి కుటుంబమంతా చెట్టు మొదట్లో చిన్న మంట వేసుకుని పడుకుంది. తెల్లవారబోతుండగా ఆ చెట్టు విరిగి మూడో కూతురి మీద పడింది. పైకి పచ్చిగా, గట్టిగా కనిపించిన మానే, లోపల మాత్రం అంతా పుచ్చు. ప్రాణం పోయిన బిడ్డను బండిలో పడుకోబెట్టుకుని, తెలిసినవాళ్లున్న చోటికి తీసుకెళ్లి పూడ్చి, మళ్లీ ప్రయాణం సాగించారు. స్వాతంత్ర్యాన్ని ఎంచుకున్న ఆ ఇల్లు ఎంత మూల్యం చెల్లించిందో చెప్పడానికి ఈ ఒక్క సంఘటన చాలు.

సాంగమన్ కౌంటీలో, ప్లెజెంట్ ప్లెయిన్స్ దగ్గర ఆయన భూమి కొని సేద్యం మొదలుపెట్టారు. అయిదేళ్ల క్రితం దాకా ఆ నేల కికాపూ ఆదివాసులది. 1819 ఒప్పందంతో వాళ్లు దాన్ని వదులుకోవాల్సి వచ్చింది. కార్ట్‌రైట్ కథ చెప్పేటప్పుడు ఇది దాచకూడదు. ఆయన వారాల తరబడి తిరుగుడులో ఉంటే పొలం, పశువులు, పిల్లలు ఫ్రాన్సెస్ చూసుకునేవారు. ప్రసంగాలు ఆయనవి, గింజలు ఆమె కాపాడినవి. యాభై ఏళ్ల సేవలో సగం ఆమెదేనని నా గట్టి నమ్మకం.

రాజకీయాల్లోకీ దిగారు. 1832లో రాష్ట్ర శాసనసభకు పోటీచేసి గెలిచారు. ఓడినవారిలో అబ్రహాం లింకన్ అనే 23 ఏళ్ల కుర్రవాడు ఉన్నాడు. 1846లో కాంగ్రెసు సీటుకు ఇద్దరూ ముఖాముఖి తలపడ్డారు. లింకన్‌కు దైవభక్తి లేదన్న ప్రచారం జోరుగా సాగింది. తాను ఏ సంఘంలోనూ సభ్యుణ్ని కాకపోయినా లేఖనాలను ఎన్నడూ కాదనలేదని లింకన్ కరపత్రం వేయాల్సి వచ్చింది. గెలుపు మాత్రం లింకన్‌నే వరించింది. వేదిక మీది మాటను ఓట్ల లెక్కలోకి లాగడం ఏ సంఘానికీ మేలు చేయదు, ఆ విషయంలో జనం తీర్పే సరైనది.

1859లో కార్ట్‌రైట్ మనవడు ఒక గొడవలో ఓ యువకుణ్ని కత్తితో పొడిచాడు. చావు మంచం మీద ఉన్న ఆ యువకుని పక్కన ఈ ముసలి బోధకుడే కూర్చున్నారు. ఆ యువకుడు తనను పొడిచినవాణ్ని క్షమించి పోయాడని కోర్టులో సాక్ష్యం చెప్పారు. మనవడి తరఫున వాదించినది లింకనే. కుర్రవాడు నిర్దోషిగా బయటపడ్డాడు.

కాగితం చూసి ప్రసంగం చదివే కొత్త బోధకులంటే కార్ట్‌రైట్‌కు చిరాకు. అయినా చదువుకు అడ్డం రాలేదు. 1850లో బ్లూమింగ్టన్‌లో ఇల్లినాయ్ వెస్లియన్ విశ్వవిద్యాలయాన్ని స్థాపించినవారిలో ఆయన ఒకరు. 1872 సెప్టెంబరు 25న, తాను దున్నిన నేల దగ్గరే కన్నుమూశారు.

ఇంత వివరంగా వీటిలో చాలా సంగతులు మనకు ఎలా తెలిశాయి? తోటివారు పట్టుబట్టి అడిగితే 1856లో ఆయన ఆత్మకథ ప్రకటించారు. మన పల్లెల్లో చుట్లు తిరిగిన ఉపదేశులు, బైబిలు స్త్రీలు చాలామంది పేరు కూడా మిగలకుండా వెళ్లిపోయారు. వాళ్లూ పగలు పొలంలో, రాత్రి ప్రార్థనలో గడిపినవాళ్లే. వాళ్లను ఎరిగిన పెద్దలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. మీ ఇంట్లో పాత బాప్తిస్మ పత్రం, ఉత్తరం, ఫొటో ఏదైనా ఉంటే సంచిక కమిటీకి చూపించండి. తాతయ్యలు, అమ్మమ్మలు చెప్పేది ఈ జూబ్లీ సంవత్సరంలోనే రాసి పెట్టండి.