సముద్రపు గాలపుకఱ్ఱ పరిణామము

రీలు చేతికి పైవైపున కూర్చుండి, త్రాడు ఆ పైవైపుననే వలయములగుండ కొనవఱకు సాగిపోవునట్టి గాలపుకఱ్ఱను సముద్రమున చేపలు పట్టువారు కన్వెన్షనల్ కఱ్ఱ యందురు. రీలు క్రిందికి వ్రేలాడు స్పిన్నింగ్ కఱ్ఱ తేలికపాటి ఎరలను దూరముగా విసరుటకు అనుకూలమైనది; బరువైన సీసపుగుండును లోతునకు దింపుటకును, మహామత్స్యముతో గంటలకొలది పెనగులాడుటకును నేటికిని మొదటిదియే శరణ్యము. దుకాణమున వరుసగా నిలిచిన కఱ్ఱలలో దేనిని ఎన్నుకొనవలెనో తెలియక తికమకపడువారు ఈ కన్వెన్షనల్ కఱ్ఱ పుట్టుపూర్వోత్తరములను ఒకింత పరిశీలించినచో ఒక సంగతి స్పష్టపడును: ఈ కఱ్ఱ తనంత తానుగా మాఱినది చాల తక్కువ, త్రాడును, రీలును మాఱినప్పుడెల్ల వాని వెంట మాఱినది.

పందొమ్మిదవ శతాబ్దిలో హికరీ, గయానా దేశపు గ్రీన్‌హార్ట్, లాన్స్‌వుడ్ అను దారువులతో ఈ కఱ్ఱలను చేయుచుండిరి. వెదురును చీల్చి, ఆఱు బద్దలను అతికించి చేయు పద్ధతి అమెరికాలో వ్యాపించిన తొలినాళ్లలో పనివారు విరివిగా వాడినది మన దేశపు వెదురే. కలకత్తా రేవునుండి ఎగుమతి యగుటచే దానికి అక్కడ కలకత్తా కేన్ అను పేరే స్థిరపడెను. పిదప దక్షిణ చైనానుండి వచ్చిన టాంకిన్ వెదురు దానిని వెనుకకు నెట్టినది. 1885లో ఫ్లోరిడా తీరమున డబ్ల్యు. హెచ్. వుడ్ అను న్యూయార్కు నివాసి 93 పౌన్ల టార్పన్ మీనమును వెదురుకఱ్ఱతో పట్టుటయే, సముద్రపు పెద్దచేపలును కఱ్ఱకు లొంగునను నమ్మకమునకు నాంది.

ఆ నమ్మకమునకు శాసనరూపము నిచ్చినది కాలిఫోర్నియాకు చేరువనున్న సాంటా కాటలీనా ద్వీపము. అక్కడివారు చేతిత్రాళ్లతో చేపలను లాగివేయుచుండగా, ప్రకృతిశాస్త్రజ్ఞుడైన చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ 1898లో 183 పౌన్ల ట్యూనాను కఱ్ఱతో పట్టి, ఆ యేడే అవలాన్ పట్టణమున ట్యూనా క్లబ్బును స్థాపించెను. అవిసెనార త్రాడు 24 పోగులను మించరాదనియు, కఱ్ఱ దారువుతోనే చేయబడి 6 అడుగుల 9 అంగుళములకు తగ్గరాదనియు, దాని పైభాగము 16 ఔన్సులకు మించి తూగరాదనియు క్లబ్బు నిర్ణయించెను. పోగునకు మూడేసి పౌన్ల చొప్పున ఆ త్రాడు ఓర్చు బరువు 72 పౌన్లు మాత్రమే. విరామము గల ధనికులు తమకు తామే విధించుకొన్న ఈ నియమములతో పొట్టకూటికై సముద్రమునకు పోవు జాలరికి నిమిత్తము లేదు. అయినను, త్రాటి బలమును కొలబద్దగా నిలిపి దానికి తగినట్లు కఱ్ఱను నిర్ణయించు ఆలోచన అక్కడనే బలపడినది.

ఆనాటి రీలుపిడి చక్రముతోపాటు వెనుకకు గిఱగిఱ తిరుగుచుండెను. చేప పరుగెత్తినప్పుడు తోలుముక్కను బొటనవ్రేలితో చక్రముపై అదిమి ఆపవలసినదే. వ్రేళ్లు చితుకుటయు కలదు. అందుచే కుదుపునందు అధికభాగమును కఱ్ఱయే వంగి భరింపవలసియుండెను. విలియం బోషెన్ ఊహించి, జూలియస్ వామ్ హోఫ్ నిర్మించిన నూతన రీలులో లోపలి బిళ్లల రాపిడియే త్రాటిని బిగువుతో వదలును, పిడి కదలదు. దానితో 1913లో బోషెన్ 355 పౌన్ల కత్తిచేపను పట్టెను. నా దృష్టిలో కఱ్ఱ చరిత్రయందు ఇంతకు మించిన ఘట్టము లేదు. ఆపు భారము రీలునకు సంక్రమింపగా, కఱ్ఱకు మిగిలిన పని చేపను పైకెత్తుటయే. ఎత్తుటకు పొట్టిదియు గట్టిదియునైన కఱ్ఱయే మేలు, ఏలయన పొడవు పెరిగినకొలది పట్టువాని నడుముపై పడు శ్రమయు పెరుగును.

1939లో న్యూయార్కున నెలకొన్న అంతర్జాతీయ మత్స్యక్రీడాసంఘము రికార్డులను త్రాటి బలమునుబట్టియే వర్గీకరించెను. యుద్ధానంతరము నైలాను, డేక్రాను త్రాళ్లు అవిసెనారను తొలగించెను. 1950లో చైనా సరకులపై అమెరికా విధించిన నిషేధముచే టాంకిన్ వెదురు కఱవై, గాజునార కఱ్ఱలకు మార్గము సుగమ మయ్యెను. 1973లో ఫెన్‌విక్ సంస్థ కార్బన్‌నార కఱ్ఱను వెలువరించెను. అది మిక్కిలి తేలిక, మిక్కిలి చుఱుకు. కాని పడవ అంచుకు తగిలినను, నిలువుగా ఎత్తి లాగినను పెళుసుగా విఱుగును. 1990 ప్రాంతమున వచ్చిన అల్లికత్రాళ్లు దాదాపుగా సాగవు; అవి మెత్తని లోహపు వలయములను కోయుటచే, గట్టి పింగాణి పూసలు పొదిగిన వలయములు తప్పనిసరి యైనవి.

కఱ్ఱ మొదట వ్రాసియుండు పౌన్ల అంకెయు ఈ చరిత్రకు సంబంధించినదే. ఆ కఱ్ఱకు తగిన త్రాటి బలమును అది తెల్పును. కొనువారు ఏ చేప, ఎంత లోతు, ఏ త్రాడు అని ముందు నిశ్చయించుకొని, పిదపనే కఱ్ఱను చేతబట్టవలెను. ఒడ్డునుండి విసరువారికి పదియడుగులు దాటిన కఱ్ఱ కావలెను. పడవపై పట్టువారు, ముఖ్యముగా క్రొత్తవారు, తేలికదనమునకు ఆశపడక, ఆఱడుగుల గాజునార కఱ్ఱనో, గాజును కార్బనును కలిపి చేసిన దానినో తీసికొనుట మేలు.