మెత్తని నోటికి ఏ కళ్ళెం?

గుర్రం కింది దవడలో ముందరి పళ్ళు అయిపోయాక, నమిలే పళ్ళు మొదలయ్యేలోపు ఖాళీ జాగా ఒకటి ఉంటుంది. అక్కడ చిగురు పల్చన. వేలితో తడిమితే వెంటనే ఎముక తగులుతుంది. కళ్ళెం కూచునేది అక్కడే.

దక్కన్ చరిత్రలో గుర్రాలకు కొదవ లేదు. విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. గుర్రాలు తెచ్చే వర్తకులను మంచి చేసుకోవాలని, వాళ్ళ సరుకు శత్రువు చేతికి పోనివ్వరాదని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతిగా చెప్పాడు. మనుమంచి భట్టు ఏకంగా తెలుగులో అశ్వశాస్త్రం రాశాడు. ఎన్ని గుర్రాలు, ఏ రేవు నుంచి, ఎంత ధరకు అన్నవన్నీ వెతికితే దొరుకుతాయి. ఆ గుర్రాల నోళ్ళు ఎట్లా ఉండేవో చెప్పినవాళ్ళు తక్కువ. మా తాత చాబుక్‌సవారు కాకపోయి ఉంటే నాకూ ఆ ఆలోచన వచ్చేది కాదేమో.

కొత్త గుర్రాన్ని సవారీకి మలిచేవాడు చాబుక్‌సవారు. తాత నిజాం రిసాలాలో, అంటే గుర్రపు దళంలో, ఆ పని చేశాడు. పోలీసు చర్య తర్వాత ముషీరాబాద్‌లో టాంగా గుర్రాలకు నడక నేర్పి ఇల్లు గడిపాడు. ఆయన లెక్కలో గుర్రాలు రెండే రకాలు: నోటికి నరం, నోటికి సఖ్త్. వేలు కదిపితే అర్థం చేసుకునేది మొదటిది. రెండు చేతులతో గుంజినా మెడ బిగించి పోయేది రెండోది. "పుట్టంగ ఏ గుర్రానికీ నోరు గట్టిగుండదు బిడ్డా, మన చేతులే గట్టి చేస్తయి" అనేవాడు. చరిత్ర చదివి, చరిత్రే పాఠంగా చెప్పి, ఇప్పుడు తార్నాకలో విశ్రాంతిగా ఉన్న నాకు ఆ మాట దక్కన్ రిసాలాల చరిత్రకంతటికీ పనికొచ్చేదిగా తోస్తుంది.

మా వైపు నేలకు గుర్రాలతో పాత చుట్టరికం ఉంది. ముషీరాబాద్‌కు పేరిచ్చిన ముషీరుల్ముల్క్ అరస్తు జా రెండో నిజాం దివాను. 1795లో ఖర్దా దగ్గర మరాఠాలకు ఓడాక పూనాకు బందీగా పోయింది ఈయనే. ఆయన కాలంలోనే వెలిగిన మహలఖా బాయి చందాకు అడిక్‌మెట్ జాగీరు ఉండేది. ఉస్మానియా క్యాంపస్ లేచింది ఆ జాగీరు నేల మీదే. ఆమె సమాధి మౌలాలి గుట్ట కింద ఉంది. ఉర్దూలో దివాన్ కూర్చిన తొలి కవయిత్రుల్లో ఒకరిగా ఆమెను అందరూ తలుచుకుంటారు. ఆమె మగ దుస్తులు వేసుకుని నిజాం వెంట దండయాత్రలకు పోయిందనీ, విల్లూ ఈటే పట్టగలదనీ చెబితే మా విద్యార్థులు కళ్ళు పెద్దవి చేసేవారు. నా ధ్యాస మాత్రం ఆమె రెండో చేతి మీద ఉండేది. కుడిచేత ఈటె ఉంటే పగ్గం ఎడమచేతికి వస్తుంది. ఒంటి చేతి పగ్గంతో దౌడు తీసే గుర్రాన్ని ఆపాలి, తిప్పాలి, మళ్ళీ ఉరికించాలి.

దక్కన్ యుద్ధం నడిచింది అట్లాగే. బారులు తీరి మీదపడటం కంటే దూసుకుపోయి, పొడిచి, ఉన్నచోటనే వెనక్కి మళ్ళి తప్పించుకోవడం ఇక్కడి తీరు. భీమా నది లోయలో పెరిగిన పొట్టి దక్కనీ గుర్రం అందుకు సరిపోయేది. నాందేడ్ దగ్గరి మాళేగావ్ ఖండోబా జాతరలో అటువంటి గుర్రాల బేరాలు జరిగేవి. ఆ పోరాటంలో ఆగమన్నప్పుడు ఆగని గుర్రం సవారును చంపుతుంది. ఆ భయం నుంచే కాంటా లగాం, అంటే ముళ్ళ కళ్ళెం, ఇంతగా పాతుకుపోయిందని నా నమ్మకం. నోట్లో ఉండే కమ్మీకి మొనలు తేలి ఉంటాయి. పగ్గం బిగిస్తే అవి నాలుకలోకీ చిగురులోకీ దిగుతాయి. గుర్రం తల ఎత్తి, మెడ వంచి, కాళ్ళు ఎగరేస్తుంది. దర్బారు ఊరేగింపులో జనం దాన్ని షాన్ అనుకున్నారు. యుద్ధ భయాన్ని నేను అర్థం చేసుకోగలను, ఈ షాన్‌ను మాత్రం క్షమించలేను.

అయితే అందరు సవార్లూ ఒక్కటి కాదు. బార్గీరు ఎక్కేది సర్కారు గుర్రం, లేదా సర్దారు గుర్రం. ఇవాళ ఒకటి, రేపు మరొకటి. సిలేదారుది సొంత గుర్రం. అది చెడితే అతని కొలువే పోతుంది. పది చేతులు మారే గుర్రానికి నోరు మొద్దుబారుతుంది, మొద్దుబారిన నోటికి ఇంకా కరుకు కళ్ళెం వస్తుంది. సొంత గుర్రం నోటిని కాపాడుకోవాల్సిన అక్కర సిలేదారుకు ఉండేది. బొల్లారంలో నిలిచిన హైదరాబాద్ కంటింజెంట్ రిసాలా సిలేదారీ పద్ధతిలోనే నడిచింది. దాని వారసు దళమైన 20వ దక్కన్ హార్స్ 1916 జూలై 14న ఫ్రాన్స్‌లో, సోమ్ యుద్ధంలో, హైవుడ్ దగ్గర ఈటెలతో గుర్రాల మీద దాడి చేసింది. హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా దాకా పోయారు. ఢిల్లీ తీన్‌మూర్తిలో ఒక మూర్తి వాళ్ళది.

ఆ కాలంలో ఇంగ్లీషు సైన్యం తయారుచేసిన కళ్ళెం ఒకటి నాకు చాలా ఇష్టం. కమ్మీకి ఒక పక్క నునుపు, రెండో పక్క గరుకు. గుర్రాన్ని బట్టి తిప్పి పెట్టుకోవచ్చు. పగ్గం కట్టే చోట్లు కూడా పైనా కిందా ఉంటాయి. పైన కడితే మెత్తన, కింద కడితే కటువు. ఒకే ఇనుములో ఇన్ని రకాల నోళ్ళకు చోటిచ్చారు. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే గ్రీకు సేనాని జెనొఫన్, సవారు దగ్గర నున్నని కళ్ళెం ఒకటి, గరుకుది ఒకటి ఉండాలని రాశాడు.

మా తాత ముందు చూసేది గుర్రం నోరు. కళ్ళెం సంగతి ఆ తర్వాతే. పెదవి ఎత్తి, నాలుక లావు చూసి, చిగురు మీద పాత గాయపు గట్లు ఉన్నాయేమో బొటనవేలితో తడిమేవాడు. దవడపళ్ళ ముందు కొన్నిటికి చిన్న పన్ను మొలుస్తుంది. ఇనుము దానికి కొట్టుకుంటే గుర్రం తల విదిలిస్తుంది. సవారు దాన్ని పొగరనుకుని కళ్ళెం మారుస్తాడు. తీయాల్సింది ఆ పన్నును. నోరు బాగుంటే అప్పుడు కమ్మీ లావు. సన్నని కమ్మీ కోస్తుంది. లావుది బరువును పంచుతుంది గాని, చిన్న నోట్లో లావు నాలుక ఉంటే దానికి చోటు చాలదు. మధ్యలో ఒకే కీలు ఉన్న కళ్ళెం గుంజినప్పుడు కత్తెరలాగా నాలుకను నొక్కుతుంది. రెండు కీళ్ళు ఉంటే నాలుక మీద వంగి కూచుంటుంది.

పక్క కమ్మీలు పొడుగ్గా ఉన్న కళ్ళెంతో మరీ జాగ్రత్త. అది తులాదండం. నోటి నుంచి కిందికున్న భాగం పైభాగానికి రెండింతలుంటే, దవడ కింది జంజీరు మీద పడే లాగు చేతి లాగుకు రెండింతలవుతుంది. అందుకే ఆ జంజీరు కింద రెండు వేళ్ళు పట్టాలనేవాడు. చలికాలం పొద్దున ఇనుమును అరచేతుల్లో వెచ్చ చేసి గాని నోట్లో పెట్టేవాడు కాదు. మెత్తని నోటి గుర్రం దొరికితే దానికి నున్నని, పొట్టి కమ్మీల కళ్ళెం పెట్టి, పగ్గం తానే పట్టేవాడు.

దౌడు తీసే గుర్రాన్ని నోరు చెడకుండా ఆపి తిప్పే సమస్య అమెరికాలో బ్యారెల్ రేసు ఆడే ఆడవాళ్ళకూ ఉంది. హైదరాబాదులో పోలీసు చర్య జరిగిన 1948లోనే టెక్సస్‌లోని శాన్ ఏంజెలోలో ఆ సవార్లు తమ సంఘం పెట్టుకున్నారు. త్రికోణంగా నిలిపిన మూడు పీపాల చుట్టూ గుర్రం పూర్తి దౌడులో తిరిగి రావాలి. ఉద్రేకంలో గుర్రం ముందుకు లాగితే సవారు కటువు కళ్ళెం పెడుతుంది. మెత్తని నోరు దానికి తాళలేదు. గుర్రం తల పైకెత్తి, వీపు కుంగదీసి, పీపాకు దూరంగా తిరుగుతుంది. సంపాదించుకోవాలనుకున్న క్షణమే పోతుంది. పాత కాలిఫోర్నియా సవార్లు నోట్లో ఇనుము లేకుండా ముక్కు పట్టీతో నేర్పి, తర్వాతే కళ్ళెం దాకా వచ్చేవారు. ఆ విద్య స్పెయిన్ మీదుగా అరబ్బుల నుంచి వచ్చింది. హార్ముజ్ నుంచి మన రేవులకు గుర్రాలు తెచ్చినవాళ్ళలోనూ అరబ్బులున్నారు. మా తాత కూడా తొలి నెలల్లో ముక్కు తాడుతోనే నడిపేవాడు.

1868లో మౌలాలిలో మొదలై, 1886లో మలక్‌పేటకు మారిన పందేల్లో ఇప్పుడు చూస్తే ఎక్కువగా రింగులున్న నున్నని కళ్ళేలే కనిపిస్తాయి. ముళ్ళ కళ్ళెం మిగిలింది పెళ్ళి గుర్రం నోట్లో. బండిలాగే, బరువు మోసే జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపే 1965 నిబంధనల్లో ఎనిమిదవది మొనలున్న కళ్ళేన్ని స్పష్టంగా నిషేధించింది. అయినా బారాత్ రాత్రి ముషీరాబాద్ వీధుల్లో తెల్ల గుర్రం నోటి నురుగులో ఎరుపు చూశాను. దాని యజమానితో మాట్లాడాను. "బ్యాండు, పటాకులు, పైన కొత్త పెళ్ళికొడుకు. అది ఉరికితే ఎవరిది జిమ్మ సార్?" అన్నాడు. ఆ భయం నిజం. పగ్గం పట్టడం రాని పెళ్ళికొడుకు దాన్నే ఆసరాగా గుంజుతాడు కూడా. అందుకే పగ్గం అతని చేతికివ్వకూడదు. ముక్కు పట్టీకి రెండు వైపులా తాళ్ళు కట్టి ఇద్దరు సాయీసులు నడిపించాలి. గుర్రానికి వారాల ముందు నుంచే డప్పుల చప్పుడు అలవాటు చేయాలి. ఇద్దరి కూలి ఎవరిస్తారని అతను అడిగాడు.

అది పెళ్ళివారు ఇవ్వాల్సిన కూలి. గుర్రం మాట్లాడుకునే రోజునే బేరంలో కలపండి. బయానా ఇచ్చే ముందు గుర్రం నోరు తెరిపించి, కమ్మీ మీద ఒకసారి వేలు పెట్టి చూడండి.